ఏ వయసు వాళ్లకు ఏ పని? ఊరి సేవా సంఘాల్లో ఎవరు వస్తున్నారు, ఎవరు నిలుస్తున్నారు

డిండి కాలువ (చర్చ మొదలుపెట్టినవారు)

దేవరకొండ వైపు ఒక ఊరి సంఘం. ఈ ఏడాది మూడు పనులు పెట్టుకున్నం: రక్తదాన శిబిరం, వానాకాలం మొక్కలు, ఆడవాళ్లకు రాత్రి బడి. గ్రూపుల మంది మస్తున్నరు. కానీ వరుస చూస్తే ఇట్లుంది. 18–24 పిల్లలు బ్యానర్ కట్టిన రోజు బిలబిలమని వస్తరు, తెల్లారి కనపడరు. 25–45 వాళ్లు హైదరాబాద్‌ల ఉంటరు, ఫోన్‌పే కొడతరు, మనిషి రాడు. 35–55 ఆడవాళ్లు వస్తే పని అయితది గని, ఎప్పుడు దొరుకుతరో తెల్వది. 60 దాటినోళ్లు రోజూ వస్తరు, గడ్డపార పట్టలేరు. ఎవరికి ఏ పని పెట్టాలె, ఏ నెలల పెట్టాలె? "యువతల సేవాభావం తగ్గింది" అనే ఉపన్యాసం వద్దు, జర పని చెప్పుండ్రి.

పానగల్లు గట్టు

డిండి అన్నా, వయసు కన్నా ముందు పంట చూడాలి. మీది పత్తి చెలక. అక్టోబర్ చివరి నుంచి జనవరి దాకా ఏరుడు. కూలి కిలో లెక్కన కాబట్టి మీ మీటింగులో కూర్చున్న గంట ఆ అక్కకు చేతికి రాకుండా పోయిన పైసలే. ఆ నెలల్లో ఆడవాళ్లను ఏ పనికీ పిలవొద్దు. పిలిచి, రాలేదని మాట అసలే అనొద్దు.

మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ ఆయకట్టులో లెక్క వేరు. జూలై–ఆగస్టులో నాట్లు, మళ్లీ జనవరిలో నాట్లు. కోత యంత్రాలకు పోయింది కాబట్టి కోతల కాలంలో ఆడవాళ్లకు కొంత తీరిక ఉంటుంది, మగవాళ్లకే కల్లాల కాడ, కొనుగోలు కేంద్రం కాడ కాపలా పడుతుంది. ఒకే జిల్లాలో రెండు ఊళ్లకు రెండు క్యాలెండర్లు. జిల్లా కేంద్రం నుంచి ఒకే తేదీ ఇచ్చి అన్ని ఊళ్లలో చేయమంటే సగం ఊళ్లలో ఫొటోకు సరిపడా మందే వచ్చేది ఇందుకే.

చార్టు కాగితం మీద 12 నెలలు అడ్డంగా, నాలుగు వయసులు నిలువుగా గీయండి. ఇంటర్ పరీక్షలు ఫిబ్రవరి చివర, మార్చి: పిల్లల గడి కొట్టేయండి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా పొద్దున 11 నుంచి 4 వరకు పెద్దల గడి కొట్టేయండి. హైదరాబాద్ వాళ్లు దొరికేది దసరా, సంక్రాంతి, పీర్ల పండుగ, బొడ్రాయి పండుగ, అంతే. మిగిలిన తెల్ల గడుల్లోనే పని పెట్టాలి.

కోయిల్‌సాగర్

పాలమూరు దిక్కు ఇంకో గీత గీయాలె. కోస్గి, మద్దూరు, నారాయణపేట ఊళ్ల నుంచి దీపావళి దాటినంక జనం ముంబై, పుణె పోతరు. ఉగాదికో, తొలకరికో మళ్లొస్తరు. ఆ నడుమ ఊళ్లె ఉండేది ముసలోళ్లు, పిల్లలు. అప్పుడు "60 దాటినోళ్లు ఖాళీయే గదా" అనుకుంటే తప్పు. మనుమలకు అన్నం పెట్టి బడికి తోలేది, బర్రెను చూసేది వాళ్లే. చలికాలం వాళ్లకు పని చెప్పాలంటే బడి దగ్గర్నే, పిల్లలు బడిల ఉన్న గంటల్లనే చెప్పాలె. సాయంత్రం 4 దాటితే దొరకరు.

యూనిట్ రిజిస్టర్

కాలేజీ పిల్లల గురించి. వాళ్లు రాకపోవడం కాదు సమస్య, వాళ్ల గంటలు ఎట్లా లెక్కపడతాయో ఊరి సంఘాలకు తెలియకపోవడం. కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్ అని పిలిచే జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబర్ 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఒక యూనిట్‌కు మామూలుగా 100 మంది, ఒక ప్రోగ్రామ్ ఆఫీసర్ (ఆ యూనిట్‌ను చూసే లెక్చరర్). ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు. దానికి తోడు దత్తత గ్రామంలో 7 రోజుల ప్రత్యేక శిబిరం. ఇవి పూర్తయితేనే సర్టిఫికెట్.

ఇప్పుడు మీరేం చేస్తున్నారు? పిల్లలకే నేరుగా వాట్సాప్ పెడుతున్నారు. వాళ్లు వచ్చి చేసిన 5 గంటలు ఏ రిజిస్టర్‌లోనూ పడవు. రెండోసారి ఎందుకు వస్తారు? రెండు నెలల ముందు ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇవ్వండి. అందులో నాలుగు విషయాలు చాలు: పని ఏమిటి, ఎన్ని గంటలు, ఎంతమంది కావాలి, హాజరు మీద ఎవరు సంతకం పెడతారు. 100 మందినీ అడగొద్దు, 20 మందిని అడగండి. అందరూ వస్తే 70 మందికి పారలుండవు, కూర్చుని రీల్స్ చేసుకుంటారు, తప్పు వాళ్లది కాదు.

ప్రత్యేక శిబిరాలు ఎక్కువగా డిసెంబర్–మార్చి నడుమ పడతాయి. ఆ 7 రోజులూ వీధులు ఊడ్చి, గోడలకు సున్నం వేసి పోతారు. ఎనిమిదో రోజు చెత్త మళ్లీ అక్కడే, ఎందుకంటే తీసిన చెత్తను ఎత్తే ట్రాక్టర్‌తో ఎవరూ మాట్లాడి ఉండరు. శిబిరానికి మంచి పని ఇంటింటి సర్వే. ఇద్దరిద్దరి జట్టు, ఒకరు అడిగేది, ఒకరు రాసేది. జట్టుకు పూటకు 15 ఇళ్లు మించొద్దు, మించితే సొంతంగా నింపేస్తారు. చదువు రానివాళ్లు ఎవరు, రక్తం గ్రూపు ఏది, ఇంటి ముందు మొక్కకు జాగా ఉందా, ఈ మూడు అడిగిస్తే డిండి గారి మూడు పనులకూ ఏడాది సరిపడా జాబితా వస్తుంది.

చదువులో లేని 15–29 వాళ్లకు 2023 అక్టోబర్ 31న మొదలైన మై భారత్ పోర్టల్ ఉంది. అందులో పేరు నమోదు చేయించండి. కాలేజీ లేని పిల్లవాడికి కూడా చేతిలో ఒక కాగితం ఉండాలి.

మక్తల్ రోడ్డు

సర్టిఫికెట్ కోసం వచ్చేది సేవ ఎట్లయితది సార్?

యూనిట్ రిజిస్టర్

గుంత లోతు అంతే ఉంటది తమ్మీ, ఎందుకోసం తవ్వినా.

లెక్కల పిచ్చి

మక్తల్ గారి ప్రశ్న తేలిగ్గా తీసేయొద్దు, లెక్కల్లో అది పెద్ద చిక్కు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2013 నిర్వచనం ప్రకారం స్వచ్ఛంద సేవ అంటే 15 ఏళ్లు దాటినవాళ్లు, జీతం లేకుండా, ఎవరి బలవంతం లేకుండా, సొంత ఇంటివాళ్లకు కాకుండా బయటివాళ్లకు చేసే పని. నాలుగు వారాల్లో కనీసం ఒక గంట చేసినా లెక్కకు వస్తుంది. కాలేజీలో తప్పనిసరి చేసిన గంటలు ఈ గీతకు అవతల పడతాయి.

మన దేశంలో 2019లో జాతీయ స్థాయిలో మొదటిసారి కాల వినియోగ సర్వే చేశారు. 6 ఏళ్లు దాటిన వాళ్లందరి 24 గంటలూ రాసుకున్నారు. అందులో స్వచ్ఛంద సేవ, జీతం లేని శిక్షణ రెండూ ఒకే పద్దులో ఉన్నాయి. జీతం లేకుండా ఇంటర్న్‌షిప్ చేసే పిల్లవాడూ, చలివేంద్రంలో నీళ్లు పోసే తాతా ఒకే గడిలో. ఆ గడి పట్టుకుని "యువత ఎక్కువ సేవ చేస్తోంది" అన్నా, "తక్కువ" అన్నా నమ్మొద్దు.

ఇంకొకటి. సంఘం ద్వారా చేసేదే సేవగా రాస్తే మన ఊళ్లలో 40–60 వయసు వాళ్లు సోమరులుగా కనిపిస్తారు. చావుకు కట్టెలు మోసేది, పెళ్లికి వంటలు చూసేది, పక్కింటి బాలింతను ఆస్పత్రికి తీసుకుపోయేది వాళ్లే. నేరుగా చేసే సాయం కూడా సేవ కిందికే వస్తుందని ఆ నిర్వచనమే చెబుతుంది. కాబట్టి రిజిస్టర్‌లో ఎన్ని వందల మంది వచ్చారో గొప్పగా రాయడం మానేసి ఆరు గడులు పెట్టండి: పేరు, పుట్టిన ఏడాది, తేదీ, వచ్చిన–పోయిన సమయం, చేసిన పని, మూడు నెలల్లో మళ్లీ వచ్చారా లేదా. చివరి గడినే వయసుల వారీగా కూడండి. ఏ పనికి ఎవరు నిలుస్తారో అక్కడ తెలుస్తుంది.

బత్తాయి తోట

రక్తదాన శిబిరం గురించి ఎవరూ ముట్టుకోలేదు. వయసు తేడా అన్నింటికన్నా ఎక్కువ కనపడేది అక్కడే, కొంచెం వివరంగా రాస్తాను.

ఎవరు ఇవ్వొచ్చు: 18 నుంచి 65. మొదటిసారి ఇచ్చేవాళ్లయితే 60 దాటొద్దు. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు, ఆడా మగా ఇద్దరికీ ఒకటే. బరువు 50 కిలోలు. మగవాళ్లు 90 రోజులకు ఒకసారి, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి.

రెండో బెడ్డు

బత్తాయి గారూ, బరువు సరిచేయండి. 45 కిలోలు ఉంటే 350 మిల్లీలీటర్లు తీస్తారు, 55 దాటితే 450. 50 అని బోర్డు రాస్తే 46–49 కిలోల ఆడపిల్లలు గేటు దగ్గరే వెనక్కి పోతారు.

బత్తాయి తోట

అవును, 45, 55. పైన రాసింది అట్లా చదువుకోండి.

ముందుగా బ్లడ్ సెంటర్‌తో నాలుగు వారాల ముందే తేదీ ఖాయం చేసుకోవాలి. గాలి, వెలుతురు ఉన్న గది కావాలి, షామియానా కింద మే నెలలో పెట్టొద్దు. ఒక మంచం మీద ఒక మనిషికి పడుకోబెట్టడం నుంచి లేపడం దాకా 20 నిమిషాలు వేసుకుంటే నాలుగు మంచాల మీద గంటకు 12 మంది. 50 మందికి నాలుగు గంటల పైనే. పొద్దున 9కే 50 మందినీ రమ్మంటే చివరివాళ్లు మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో కూర్చుంటారు, కళ్లు తిరిగేది వాళ్లకే. గంటకు 12 మంది చొప్పున పేర్లు రాసి సమయాలు ఇవ్వండి.

కళ్లు తిరిగి పడేవాళ్లలో 18–22 వయసు వాళ్లు, మొదటిసారి ఇచ్చేవాళ్లు, బరువు తక్కువ వాళ్లు ఎక్కువ. భయం, ఖాళీ కడుపు, నీళ్లు తాగకపోవడం కారణం. అందుకు నాలుగు పనులు చేయాలి: నాలుగు గంటల లోపు అన్నమో టిఫినో తిని ఉండాలి, సూది గుచ్చే పావుగంట ముందు అర లీటరు నీళ్లు తాగించాలి, రక్తం తీస్తున్నప్పుడు కాళ్లు, తొడల కండరాలు బిగించి వదలమనాలి, అయిపోయాక పావుగంట కూర్చోబెట్టాలి. ఈ నాలుగో పనికి 40 దాటిన ఒక అమ్మను కాపలా పెట్టండి. పిల్లలు పిల్లల మాట వినరు, లేచి బైకెక్కుతారు.

జాతరలో టాటూ పొడిపించుకున్న పిల్లలు ఏడాది ఆగాలి. ఇది పోస్టర్ మీదే రాయండి, లైన్‌లో నిలబడ్డాక చెబితే సిగ్గుపడతారు. గీత కార్మికులు రక్తం ఇచ్చిన రోజు చెట్టెక్కొద్దు, లారీ, బస్సు డ్రైవర్లు ఆ రోజు బండి ఎక్కొద్దు. మన దగ్గర ఈ రెండు పనుల వాళ్లు ఎక్కువ. కాబట్టి వాళ్లకు సెలవు ఉన్న రోజే సమయం ఇవ్వాలి.

రెండో బెడ్డు

దీనికి కలుపుతున్నాను. నాయకుల పుట్టినరోజుకు ఒకే రోజు వందల సీసాలు తీయడం సేవ కింద లెక్కపెట్టకండి. ఎర్రకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులు. కాలేజీలు మూసే ఏప్రిల్–మే నెలల్లో ఇచ్చేవాళ్లు ఉండరు. తలసేమియా పిల్లలకేమో రెండు మూడు వారాలకు ఒకసారి ఎక్కించాల్సిందే, వాళ్లకు వేసవి సెలవులు లేవు.

కాబట్టి వయసుల వారీగా విడదీయండి. 18–24 కాలేజీ శిబిరానికి, జూలై–ఫిబ్రవరి నడుమ రెండుసార్లు. ఊళ్లో, మండల కేంద్రంలో ఉండే 25–45 వాళ్లు, అంటే దుకాణదారులు, టీచర్లు, ఆర్‌ఎంపీలు, మెకానిక్‌లు, పిలిస్తే వచ్చే జాబితాలో. ఈ జాబితాలో గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ, రెండు ఫోన్ నంబర్లు ఉండాలి. చివరిసారి తేదీ రాయకపోతే మూడు నెలలు కాని మనిషికే మళ్లీ మళ్లీ ఫోన్ పోతుంది, విసుగొచ్చి నంబర్ మార్చేస్తాడు. జాబితా ఒకరి ఫోన్‌లోనే ఉండాలి, గ్రూపులో పోస్టు చేయొద్దు. నంబర్లు బయటపడితే రక్తం అమ్మే దళారులకు చేరతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈ జాబితా నుంచి వారానికి నలుగురైదుగురిని పంపితే చాలు.

హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపిన ఆడపిల్ల రెండోసారి రాదు. ఆ అంకె ఆమె ఒక్కదానికే చెప్పండి, చీటీ మీద రాసిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పొమ్మనండి, ఆ పూటకు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పని ఇవ్వండి. వెనక్కి పంపిన మనిషిని నిలుపుకోవడం కొత్త మనిషిని పట్టుకోవడం కన్నా సులువు.

మూసీ ఒడ్డు

రాత్రి బడి గురించి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి నల్గొండ 64. చదువు రానివాళ్లు ఎక్కువగా 40 దాటిన ఆడవాళ్లే. చెప్పేది ఎవరు అన్నదే ప్రశ్న.

డిగ్రీ పిల్లలతో చెప్పించాలని అందరూ మొదలుపెడతారు. మొదటి వారం బాగుంటుంది. తర్వాత రెండు తప్పులు జరుగుతాయి. పిల్లవాడు అ ఆ ల నుంచి మొదలుపెడతాడు, ఆమెకు కావాల్సింది పొదుపు పుస్తకంలో తన అప్పు ఎంతో చదువుకోవడం. రెండోది, కొడుకు వయసు వాడి ముందు తప్పు చదవడానికి ఆమెకు మనసొప్పదు. అదే పదో తరగతి దాకా చదివిన పక్కింటి కోడలు చెబితే నవ్వుకుంటూ నేర్చుకుంటారు. బోధకులుగా 25–40 కోడళ్లను పెట్టండి. వాళ్లకు ఈ పని ఇంట్లో, ఊళ్లో గౌరవం తెస్తుంది, అందుకే నిలుస్తారు. డిగ్రీ పిల్లలను వారానికి ఒక్క రోజు లెక్కలు, ఫోన్, బ్యాంకు ఫారం చెప్పడానికి పిలవండి.

గంటల సంగతి. 200 గంటల పాఠం అనుకుందాం. రోజుకు గంట, వారానికి ఐదు రోజులంటే 40 వారాలు. మీ ఊళ్లో 40 వారాలు వరుసగా దొరకవు, నడుమ పత్తి ఉంది. ఫిబ్రవరి నుంచి జూన్ మొదటి వారం దాకా 18 వారాలు, అంటే 90 గంటలు. జూన్–జూలై విత్తనాలు, కలుపు. ఆగస్టు, సెప్టెంబర్‌లో 8 వారాలు, 40 గంటలు. మిగతా 70 వచ్చే ఫిబ్రవరికి. రెండేళ్ల పని అని ముందే చెప్పండి. నడుమ ఆగినప్పుడు "మానేశారు" అని రాయకుండా "పత్తి సెలవు" అని రాయండి.

ఒకరికి 8–10 మంది మించొద్దు. రాత్రి ఎనిమిది గంటలకు సీరియల్‌తో పోటీ పెట్టుకోకండి, గెలవలేరు. ఎండాకాలం మధ్యాహ్నం 2 నుంచి 3:30 బాగా దొరుకుతారు. అక్షరాలు అచ్చులో పెద్దగా ఉండాలి. నలభై దాటినవాళ్లలో దగ్గరి చూపు తగ్గేవాళ్లు చాలామంది. అద్దాలు లేక కనపడకపోతే "నాకు రాదు" అని లేచి పోతారు. మొదటి వారంలోనే కళ్ల పరీక్ష పెట్టించండి.

డిండి కాలువ

మూసీ అక్కా, మహిళా సంఘాల వాళ్లను ఎట్ల కలుపుకోవాలె? వేరే మీటింగ్ పెడితే వస్తలేరు.

మూసీ ఒడ్డు

వేరే మీటింగ్ పెట్టకండి అన్నా. గ్రామ సమాఖ్య మీటింగ్ ఎట్లాగూ నెలకు ఉంటుంది, పొదుపు సంఘాల మీటింగులూ ఉంటాయి. ఆ మీటింగులోనే చివరి పావుగంట అడగండి. సంఘానికి 10–15 మంది, ఒక్కో సంఘం నుంచి ఒక్కరినే అడగండి, అదీ పేరుతో. "ఎవరైనా రండి" అంటే ఎవరూ రారు. ఇంకోమాట, ప్రతిసారీ వంటకే పిలవొద్దు. 2021లో పాలమూరు మహిళా సంఘాల వాళ్లు 10 రోజుల్లో 2 కోట్లకు పైగా విత్తన బంతులు చేశారు. అంత పని సర్దగలిగిన వాళ్లను ఉప్మా దగ్గర నిలబెడుతున్నారు.

నల్లమల దారి

విత్తన బంతుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్న. లెక్క పెద్దగుంటది, మొలిచేది తక్కువ. తప్పెక్కడ జరుగుతదంటే, వేప గింజ రాలిన రెండు మూడు వారాలకే మొలక శక్తి పోతది. జూన్‌ల ఏరి ఆగస్టుల చల్లితే దండగ. చింత గింజకు తొక్క గట్టిది, రాత్రంత నీళ్లల నానబెట్టాలె. సీతాఫలం, కానుగ, రేల మన గుట్టలకు నప్పుతయి, బాలానగర్ సీతాఫలం ఉండనే ఉంది. ఎర్రమట్టి నాలుగు పాళ్లు, చివికిన పెంట ఒక పాలు, నిమ్మకాయంత ఉండ, నడుమ ఒకటి రెండు గింజలు. నీడల రెండు రోజులు ఆరబెట్టాలె, ఎండల పెడితే పగుల్తది. మంచి వాన పడినంక చల్లాలె. ఉండలు చేసుడు బడిపిల్లలు, ముసలోళ్లు కలిసి చేసే పని, ఇంత బాగ కుదిరే పని ఇంకోటి లేదు. గుట్టల మీద చల్లేటిది మాత్రం 18 దాటినోళ్లే.

ఇగ మొక్కల సంగతి. గుంత ఒకటిన్నర అడుగు పొడుగు, వెడల్పు, లోతు. చెలకల వానకు ముందే తవ్విపెట్టాలె. గట్టి మొరం తగిల్తే కుర్రోడైనా రోజుకు పది గుంతలు తవ్వుడే గొప్ప, నూరు మొక్కలకు పదిమంది లెక్కేసుకో. నాటే నాడు అందరొస్తరు, అది పండుగ. చచ్చేది వచ్చే ఎండాకాలం. ఫిబ్రవరి నుంచి జూన్ దాక వారానికి మొక్కకు 15 లీటర్లు. 200 మొక్కలకు 3,000 లీటర్లు, అంటే వారానికి ఒక ట్యాంకర్. పంచాయతీకి ట్రాక్టర్, ట్యాంకర్ ఉన్నయి, డ్రైవర్‌కు వారం దినం ఖాయం చేయాలె. ఎవరు పోతరు ట్యాంకర్ ఎంబడి? ఇది ముసలోళ్ల పని. నీళ్లు మోసేది లేదు, పైపు పట్టుకునుడు, లెక్క రాసుకునుడు. పొద్దున 7 లోపు. ఒక్కొక్కరికి తన వాడ మొక్కలు 20 మించొద్దు. మేకలకు ముళ్లకంప ఏటా రెండుసార్లు మార్చాలె, పాతది చెదలు తింటది.

2018ల పాలమూరు పిల్లలమర్రికి (పాత పెద్ద మర్రిచెట్టు) చెదల మందు సెలైన్ లెక్క ఎక్కించి బతికించుకున్నరు. ఊరి మొక్కకు అంత అక్కర్లే, మొదట్ల వేపపిండి గుప్పెడు వేసి ఎండుటాకులు కాండానికి ఆనకుంట పరిస్తె చాలు.

పింఛను బుక్కు

పెద్దల మీద ఇంత రాశారు, మా పక్కన ఒక మాట. లింకు పంపితే మేం రాం. ఫోన్ చేసి పేరు పెట్టి పిలిస్తే వస్తాం. పోల్‌లో నొక్కమంటే ఎక్కడ నొక్కాలో తెలియక ఊరుకుంటాం, దాన్ని "ఇష్టం లేదు" అనుకుంటున్నారు.

మక్తల్ రోడ్డు

పింఛను సార్ చెప్పింది నిజమే గని, పెద్దోళ్లు కుర్చీ కూడా ఇడువరు గదా. అధ్యక్షుడు ఎప్పుడూ ఆయనే, ఫొటోల ముందర ఆయనే. కాలుకు మట్టి అంటినోడు ఎనక నిలబడతడు. అందుకే మా ఈడోళ్లు రెండోసారి రారు.

పింఛను బుక్కు

కాదనను. బైలాలో రాసుకోవాలి. సంఘం రిజిస్టర్ చేయాలంటే 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురిలో 30 లోపు ఇద్దరు, ఆడవాళ్లు ఇద్దరు ఉండాలని, అధ్యక్ష పదవి రెండేళ్లకు మించొద్దని మొదటే రాసుకోండి. దిగిపోయిన అధ్యక్షుడికి సలహాదారు అని పేరిచ్చి కూర్చోబెట్టకండి, పని ఇవ్వండి: ఆఫీసులకు తిరిగే పని. తహసీల్ ఆఫీసులో, మండల పరిషత్‌లో గంటలు కూర్చునే ఓపిక 25 ఏళ్లవాడికి ఉండదు, రిటైరైన టీచర్‌కు ఉంటుంది. పైగా అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది ఆయన శిష్యులే.

గచ్చిబౌలి టు నకిరేకల్

ఫోన్‌పే కొట్టే బ్యాచ్ తరఫున. రమ్మంటే రాలేం, నిజమే. కానీ మాకు "డబ్బులు పంపండి" అనే పని ఒక్కటే చెబుతున్నారు. కూర్చున్నచోట చేసే పనులు ఇవ్వండి: దాతల జాబితా షీటులో పెట్టడం, నెల ఖర్చు లెక్క, దరఖాస్తులు టైపు చేయడం, ఆదివారం పొద్దున ఇంటర్ పిల్లలకు వీడియోలో లెక్కలు. వారానికి రెండు గంటలు ఎవరైనా ఇస్తారు.

డబ్బు విషయంలో మాకు నమ్మకం పోయేది రెండు చోట్ల. ఒకటి, ఎవరో ఒకరి సొంత ఖాతా క్యూఆర్ పంపడం. సంఘం ఖాతా తెరిచి ఇద్దరి సంతకం పెట్టండి, ఒకరు ఊళ్లో ఉండేవాళ్లు, ఒకరు బయట ఉండేవాళ్లు. రెండు, లెక్క ఏడాదికోసారి చెప్పడం. ప్రతి నెల 5వ తారీఖున వచ్చింది, పోయింది, మిగిలింది మూడు వరుసలు, బిల్లుల ఫొటోలు. 80జీ (దాతలకు ఆదాయపన్ను మినహాయింపు ఇచ్చే నమోదు) ఉన్న సంఘమైతే నగదుగా ఇచ్చింది 2,000 దాటితే పన్ను మినహాయింపు రాదు, అది కూడా చెప్పాలి. ఒకసారి అడిగిన పనికే మళ్లీ అడగండి, వారానికో కొత్త పనికి అడిగితే మ్యూట్ చేస్తాం.

మక్తల్ రోడ్డు

చలివేంద్రం కూడా రాయుండ్రి ఎవరన్న. ఎండకాలం మా దిక్కు అదే పెద్ద పని.

నల్లమల దారి

పొద్దున 9 నుంచి 11 పెద్దోళ్లు, 11 నుంచి 4 దాక 20–45 వాళ్లు రెండు గంటలకొక జట్టు, 4 తర్వాత బడిపిల్లలు. పెద్దోళ్లను పగటి ఎండల కూర్చోబెట్టొద్దు. మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ ముందే ఉంటది. బావి నీళ్లయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్, బకెట్‌ల కలిపి తేరనిచ్చి పైతేటనే పోయాలె, గంట ఆగి ఇవ్వాలె. మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లు అసలే వద్దు. ఫ్లోరైడ్ బ్లీచింగ్‌కు పోదు, కాచినా పోదు, కాస్తే ఇంకా చిక్కబడతది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగనీకి పనికిరాదు. వడదెబ్బ మనిషొస్తే లీటరు నీళ్లకు చక్కెర ఆరు టీ చెంచాలు, ఉప్పు అర చెంచా, తల కొట్టినవే, కుప్పపోసినవి కాదు. మత్తుల ఉన్న మనిషికి నోట్ల ఏం పోయొద్దు, 108 పిలవాలె.

యూనిట్ రిజిస్టర్

జాతరల సంగతి కూడా ఇక్కడే. చెర్వుగట్టు, కురుమూర్తి, పెద్దగట్టు, ఇంకా 2028లో కృష్ణా పుష్కరాలు. 2016లో 12 రోజులు, బీచుపల్లి, అలంపూర్ వైపు, ఇటు వాడపల్లి, సాగర్. ఇట్లాంటి చోట్ల పిల్లలంతా ఘాట్ మీదే ఉంటామంటారు, పార్కింగ్‌కు, రాత్రి పాళీకి ఎవరూ ఉండరు. పాళీ నాలుగు గంటలు మించకుండా, ఘాట్ ఒక రోజు చేసినవాళ్లకు తర్వాతి రోజు పార్కింగ్ అని ముందే రాసిపెట్టాలి. తప్పిపోయిన పిల్లల బల్ల దగ్గర 40 దాటిన ఆడవాళ్లు, మైకు దగ్గర పెద్దవాళ్లు. నీళ్ల అంచున మాత్రం శిక్షణ ఉన్నవాళ్లే. ఆపద మిత్ర (విపత్తుల్లో సాయపడే వలంటీర్లకు ప్రభుత్వం ఇచ్చేది) శిక్షణ 12 రోజులు, వయసు 18–40, జిల్లా యంత్రాంగం ద్వారా. రెండేళ్ల ముందు పేర్లు ఇస్తేనే 2028 నాటికి చేతికి అందుతారు.

డిండి కాలువ

అందరికీ దండాలు. చార్టు గీసినం. రాత్రి బడి ఫిబ్రవరికి పోయింది. రక్తదానం ఆగస్టుల 50 మందితోని, ఏప్రిల్–మేల జాబితా నుంచి. మొక్కలు 500 అనుకున్నం, ట్యాంకర్ లెక్క చూసి 200కు తగ్గించినం. ఒక్క సందేహం: తొమ్మిది, పది తరగతి పిల్లలు మేమూ వస్తం అంటున్నరు. రానియ్యాల్నా?

యూనిట్ రిజిస్టర్

రానివ్వండి. తల్లిదండ్రుల సంతకం కాగితం మీద తీసుకోండి, ఫోన్‌లో సరే అన్నది చాలదు. బడి ఉన్న రోజు వద్దు, రెండు గంటలు మించొద్దు, పదిమందికి ఒక పెద్దమనిషి. హైవే పక్కన, బావుల దగ్గర, చెరువు లోపల పని వద్దు, ఈత వచ్చినా సరే. బ్లీచింగ్ పౌడర్ ముట్టనివ్వొద్దు. వాళ్లు బాగా చేసేది మొక్కలకు నంబర్ చీటీలు కట్టి, నెలకోసారి పోయి బతికిందా ఎండిందా రాసుకురావడం. ఎండినది ఎండిందనే రాస్తారు, మనలాగా దాచరు.